ఐదు నుంచి ఆరుకు: ప్రాథమిక పాఠశాల, హైస్కూలు మధ్య దశ

ప్రాథమిక పాఠశాల చదువు పూర్తిచేసిన పిల్లలు హైస్కూల్లో చేరి, అక్కడి పద్ధతులకు అలవాటు పడేదాకా గడిచే కాలాన్ని విద్యాశాస్త్రం ఒక ప్రత్యేక దశగా గుర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రభుత్వ పాఠశాలల్లో ఎక్కువమందికి ఈ దశ ఐదో తరగతికీ ఆరో తరగతికీ మధ్య వస్తుంది. ప్రాథమికోన్నత పాఠశాల ఉన్న ఊళ్లలో ఏడో ఎనిమిదో ముగిశాక వస్తుంది. ఒకటి నుంచి పది దాకా ఒకే ఆవరణలో నడిచే ప్రైవేటు బడుల్లో పైకి కనిపించదు. కానీ ఆరో తరగతి రాగానే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సెక్షన్లు విడదీసే చోట అక్కడి పిల్లలకూ ఇది తప్పదు. క్యాలెండరులో చూస్తే ఇది చాలా చిన్న వ్యవధి. ఏప్రిల్ చివరి వారంలో ఐదో తరగతి ముగుస్తుంది, జూన్ రెండో వారంలో ఆరో తరగతి మొదలవుతుంది. మధ్యలో ఉండేది వేసవి సెలవులే.

ఆ సెలవులు ముగిసేసరికి పదేళ్లు, పదకొండేళ్లు నిండిన పిల్లల చుట్టూ చాలా మారిపోతుంది. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అనే నాలుగు పుస్తకాల స్థానంలో ఆరు వస్తాయి. పరిసరాల విజ్ఞానం సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రంగా విడిపోతుంది, హిందీ కొత్తగా వచ్చి చేరుతుంది. లెక్కల్లో అంకెల పక్కన అక్షరాలు కనిపించే బీజగణితం మొదలవుతుంది. రోజంతా తరగతిలో ఉండే ఒకరిద్దరు సెకండరీ గ్రేడ్ టీచర్లకు బదులు, గంట కొట్టినప్పుడల్లా మారిపోయే స్కూల్ అసిస్టెంట్లు వస్తారు. బడిలో అందరికంటే పెద్దవాళ్లుగా ఉన్న పిల్లలు అందరికంటే చిన్నవాళ్లవుతారు. వీటిలో ఏదీ తనంతట తాను హాని చేసేది కాదు. కొత్త విషయాలు, విషయ నిపుణులైన ఉపాధ్యాయులు కావాల్సినవే. అసలు నష్టం జరిగేది మరోచోట. ఐదేళ్లపాటు ఒక బడిలో ఒక్కో పిల్ల గురించి పోగుపడిన ఎరుక, అంటే ఆమె ఏది చదవగలదు, ఏ లెక్క దగ్గర ఆగిపోతుంది, ఎవరి పక్కన కూర్చుంటే నోరు విప్పుతుంది, ఏ నెలల్లో తల్లిదండ్రులతో వలస వెళుతుంది అన్న సమాచారమంతా ఆమెతోపాటు హైస్కూలుకు వెళ్లదు. ఈ మార్పులో పిల్లలకు చేయగల సాయాలు ఎన్నో ఉన్నా, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఈ ఎరుకను ఒక బడి నుంచి మరో బడికి అప్పగించడమే. అత్యంత చౌకైన ఈ పనే అతి తక్కువగా జరుగుతోంది.

ఈ అప్పగింత ఎందుకు లేదో తెలియాలంటే ఈ సరిహద్దు పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. దీన్ని పిల్లలను దాటించడానికి కట్టలేదు, వడపోయడానికి కట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో ఎలిమెంటరీ బడులు, హైస్కూళ్లు రెండు వేర్వేరు వ్యవస్థలు. ఎలిమెంటరీ దారిలోనే సాగినవారు ఎనిమిదో తరగతి తర్వాత ఈ.ఎస్.ఎల్.సి. పరీక్ష రాసి చదువు ముగించేవారు. కాలేజీ దాకా వెళ్లదలచినవారు ఫస్ట్ ఫారంలో చేరి సిక్స్త్ ఫారం దాకా నడిచేవారు. ఫస్ట్ ఫారం ఇప్పటి ఆరో తరగతే. అక్కడ ఫీజు ఉండేది, ఇంగ్లీషు చదువు జోరందుకునేది, చాలా హైస్కూళ్లు పరీక్ష పెట్టి చేర్చుకునేవి. నిజాం రాష్ట్రంలో తహతానియా, వస్తానియా, ఫౌఖానియా అనే మూడు అంచెలు ఉండేవి. తెలుగు కింది అంచెకే పరిమితమై, పైకి వెళ్లేకొద్దీ ఉర్దూ బోధన భాష అయ్యేది. అంటే రెండుచోట్లా ఈ గడప దగ్గర పిల్లవాడి ఇంటి భాష ఆగిపోయి ఏలికల భాష మొదలయ్యేది. దాటలేనివారిని పక్కన పెట్టడం ఆ ఏర్పాటులో లోపంగా కాక ఉద్దేశంగానే ఉండేది. పక్కన పెట్టాల్సిన పిల్లల గురించి అవతలి బడికి చెప్పవలసిన అవసరం ఎవరికి కలుగుతుంది?

స్వాతంత్ర్యం తర్వాత చట్టాలు ఈ వడపోతను తొలగించాయి. 1964–66 నాటి కొఠారీ కమిషన్ దేశమంతటికీ పదేళ్ల ఉమ్మడి బడి చదువును సిఫారసు చేసింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రాథమిక విద్యగా నిర్వచించింది. అంటే చట్టం దృష్టిలో ఐదుకీ ఆరుకీ మధ్య గోడే లేదు. ఆరో తరగతిలో చేర్చుకోవడానికి పరీక్ష పెట్టకూడదు. టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశం నిరాకరించకూడదు. పిల్ల వెళ్లిపోతానంటే ప్రధానోపాధ్యాయుడు వెంటనే ఆ కాగితం ఇచ్చి తీరాలి. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టాలని, తప్పినవారికి అదనపు బోధన చేసి రెండు నెలల్లో మళ్లీ అవకాశం ఇవ్వాలని, ఆపైన ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాలు నిర్ణయించుకోవచ్చని చెప్పింది. 2024 డిసెంబరులో కేంద్రం తన పాఠశాలలకు ఆ మేరకు నిబంధనలు తెచ్చింది. ఎటు చూసినా చట్టం మాట్లాడింది గేటు తెరవాలా మూయాలా అన్న విషయమే. గేటు దాటిన పిల్లను అవతల ఎవరు, ఏం తెలుసుకుని అందుకోవాలన్నది పాత ఏర్పాటులో లేదు, కొత్తగానూ రాలేదు.

విదేశాల్లో ఈ దశపై జరిగిన పరిశోధన విస్తారమైనది. దానిలో కొంత మన పరిస్థితికి నేరుగా పనికొస్తుంది. అమెరికాలోని మిల్వాకీ నగర పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన రాబర్టా సిమన్స్, డేల్ బ్లైత్ 1987లో తమ ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు. ఏడో తరగతిలో బడి మారిన ఆడపిల్లల ఆత్మగౌరవం, అదే వయసులో బడి మారకుండా ఎనిమిది దాకా ఒకేచోట చదివిన వారికంటే తగ్గిందని వారు చూపారు. శరీరంలో మార్పులు, ఇల్లు మారడం, కుటుంబంలో కుదుపులు వంటివి బడి మార్పుతో ఒకేసారి వచ్చిపడినవారే ఎక్కువ దెబ్బతిన్నారన్నది వారి మరో పరిశీలన. జాక్విలిన్ ఎక్లెస్, కరోల్ మిడ్జ్‌లీ 1989లో దీనికి ఒక వివరణ ఇచ్చారు. స్వతంత్రంగా ఆలోచించాలని, ఇంటి బయటి పెద్దల ఆదరణ పొందాలని పిల్లలు కోరుకునే వయసులోనే పెద్ద బడి వారికి మరింత కట్టడినీ మరింత దూరాన్నీ ఇస్తోందని, లోపం పిల్లల్లో కాక వయసుకూ బడికీ పొంతన కుదరకపోవడంలో ఉందని వారి వాదం. ఇంగ్లండులో మారిస్ గాల్టన్ బృందం 1999లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బడి మారిన ఏడాది ప్రతి ఐదుగురిలో ఇద్దరి దాకా ఆశించిన ప్రగతి సాధించలేదు.

ఈ ఫలితాలను మోతాదు మించి వాడుకోవడం తేలిక. మిల్వాకీ పిల్లకూ మహబూబ్‌నగర్ పిల్లకూ సామ్యం ఎంతవరకు అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. ఆత్మగౌరవ కొలమానాలు ఒక సమాజం నుంచి మరో సమాజానికి యథాతథంగా రావు. అయితే న్యూయార్క్ నగరంలో జోనా రాకాఫ్, బెంజమిన్ లాక్‌వుడ్ 2010లో ప్రచురించిన అధ్యయనం మనోభావాలను కాక పరీక్ష మార్కులను చూసింది. ఆరు లేదా ఏడో తరగతిలో మిడిల్ స్కూలుకు మారిన పిల్లలు, ఎనిమిది దాకా పాతబడిలోనే ఉన్నవారితో పోలిస్తే ఇంగ్లీషులోనూ లెక్కల్లోనూ వెనకబడ్డారని, ఆ వెనకబాటు తొలి ఏడాదితో పూడిపోలేదని తేలింది. ఫ్లోరిడా పిల్లలపై గైడో ష్వెర్ట్, మార్టిన్ వెస్ట్ చేసిన పరిశీలన కూడా ఇదే దిశలో ఉంది. వేర్వేరు నగరాల్లో, వేర్వేరు పద్ధతుల్లో ఇలాంటి ఫలితమే వచ్చిందంటే, కొత్త బడికి అలవాటుపడేదాకా ఉండే బెరుకే దీనికి కారణమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. బెరుకు దసరా సెలవుల్లోపు పోతుంది. మార్కుల్లోని లోటు ఏళ్లపాటు ఉండిపోయింది.

మన దగ్గర ఆ లోటు ఏ రూపంలో వస్తుందో ఊహించడానికి అసర్ సర్వే అంకెలు చాలు. 2024లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు దాదాపు 49 శాతం, భాగహారం చేయగలిగినవారు దాదాపు 31 శాతం. అంటే ఆరో తరగతి గదిలో అడుగుపెట్టేవారిలో సుమారు సగం మందికి సాంఘికశాస్త్రం పుస్తకం అందుబాటులో లేనట్టే. ఐదో తరగతి టీచరుకు ఆ సగం మంది ఎవరో పేరుపేరునా తెలుసు. ఆరో తరగతిలో చేరిన మరుసటి రోజు నుంచి అది ఎవరికీ తెలియదు. లెక్కల టీచరుకు ఆ పిల్ల లెక్కలు రాని పిల్లగా, సైన్సు టీచరుకు సైన్సు రాని పిల్లగా, హిందీ పండితుడికి మాట్లాడని పిల్లగా కనిపిస్తుంది. చదవడం రాదన్న ఒకే కారణం ఆరు ముక్కలై, ఏ ముక్కా ఎవరికీ పూర్తి బొమ్మ చూపదు. దీనికి ఉపాధ్యాయ శిక్షణ తీరు కూడా తోడవుతుంది. చదవడం, రాయడం నేర్పే మెలకువలు డీఎడ్ శిక్షణలో భాగం. హైస్కూలు ఉపాధ్యాయుల బీఎడ్ తమ తమ విషయాల బోధన పద్ధతుల చుట్టూ తిరుగుతుంది. ఆరో తరగతిలో అక్షరాలు కూడబలుక్కునే పిల్లను చూసినా ఏం చేయాలో తెలియకపోవడం ఆ ఉపాధ్యాయుల తప్పు కాదు. వారిని ఆ పనికి ఎవరూ తయారుచేయలేదు.

మరి పిల్లతోపాటు వెళ్లేది ఏమిటి? ఒక రికార్డు షీటు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ, అడ్మిషన్ నంబరు, కులం, చదివిన తరగతి అందులో ఉంటాయి. మన బడుల రిజిస్టర్లలో పుట్టుమచ్చల వివరాలు రాసే ఆచారం ఇప్పటికీ ఉంది. మోచేతి మీది మచ్చ హైస్కూలుకు తెలుస్తుంది గాని, గుణింతాల దగ్గర ఆగిపోయిందన్న విషయం తెలియదు. ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షల గ్రేడ్లు ఉన్నా, అవి ఎంత వచ్చిందో చెబుతాయి గాని ఏది రాలేదో చెప్పవు. యూడైస్ ప్లస్ విధానంలో ఇప్పుడు ప్రతి విద్యార్థికీ శాశ్వత సంఖ్య ఉంది, అపార్ గుర్తింపు కూడా వచ్చింది. దానివల్ల పిల్ల ఎక్కడ చేరిందో వెదకడం సులువైంది, అది మేలే. కానీ వ్యవస్థ ఈ దశను కొలిచే ప్రధాన సూచిక ఇప్పటికీ ట్రాన్సిషన్ రేటు. నిరుడు ఐదులో ఉన్నవారిలో ఎంతమంది ఈ ఏడు ఆరులో కొత్తగా చేరారన్న నిష్పత్తి అది. జూన్‌లో పేరు నమోదైతే అక్కడితో లెక్క పూర్తవుతుంది. పిల్లలు బడి మానడం ఆరులో కంటే తొమ్మిది, పదిలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆరో తరగతి సురక్షితమని అనుకుంటారు. చదవలేని పిల్ల మూడేళ్లపాటు వెనక బెంచీలో కూర్చుని తర్వాత మానేస్తే, మానేసిన ఏడాదే లెక్కల్లోకి వస్తుంది.

ఈ సరిహద్దునే చెరిపేస్తే సరిపోదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. కొన్ని దేశాలు ఆ దారి పట్టాయి. ఫిన్లాండ్ 1970లలో తొమ్మిదేళ్ల ఉమ్మడి బడిని తెచ్చింది. అక్కడ ఆరో తరగతి దాకా ఒకే తరగతి టీచరు ప్రధానంగా బోధిస్తారు, విషయ నిపుణులు ఏడు నుంచి వస్తారు. జపాన్‌లో ప్రాథమిక బడి ఆరేళ్లు. ఆ తర్వాత జూనియర్ హైస్కూలు మొదటి ఏడాదిలో బడి ఎగవేతలు, వేధింపులు పెరగడం ఎంతగా చర్చకు వచ్చిందంటే, 2016 నుంచి ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒకే సంస్థగా నడిచే కొత్త రకం బడులకు చట్టబద్ధత కల్పించారు. మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదిని మధ్య దశగా విడదీసి, విషయ ఉపాధ్యాయులు అక్కడి నుంచే రావాలని చెప్పింది.

ఆంధ్రప్రదేశ్ మరింత ముందుకు వెళ్లింది. 2021–22లో మొదట 250 మీటర్లలోపు, తర్వాత కిలోమీటరు దాకా ఉన్న ప్రాథమిక బడుల మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించే పని మొదలైంది. మూడో తరగతి నుంచే విషయ నిపుణుల బోధన అందుతుందన్నది దాని వాదన. 2022 జూన్ నాటి 117వ నంబరు ఉత్తర్వు ఉపాధ్యాయుల సర్దుబాటును దానికి అనుగుణంగా మార్చింది. చాలా ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో కొత్త ప్రభుత్వం ఆ ఉత్తర్వును రద్దుచేసి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడుల పేరుతో ఐదు దాకా చదువును మళ్లీ ప్రాథమిక బడికి తెచ్చింది. రాజకీయాలను పక్కన పెట్టి చూస్తే ఈ ప్రయోగం చెప్పిన సంగతి ఒకటుంది. సరిహద్దు చెరగలేదు, పదేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల వయసుకు జరిగింది. నిపుణులు ముందుగా రావడం మేలైతే, పిల్లను పూర్తిగా ఎరిగిన మనిషి ముందుగా పోవడం నష్టం. ఆ రెంటినీ తూచి చూసినట్టు ఎక్కడా కనిపించదు. ఫిన్లాండును ఆదర్శంగా చూపేవారు కూడా అక్కడ తరగతి టీచరును పన్నెండేళ్ల వయసు దాకా ఉంచారన్న సంగతి మరచిపోతుంటారు.

దూరం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో సాయం ఎలా ఉండాలో తేటగా తెలుసు. కేంద్రం ఇచ్చిన మాదిరి నిబంధనలు ప్రాథమిక బడి కిలోమీటరులోపు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్లలోపు ఉండాలంటాయి. అంటే చట్టప్రకారమే నడక మూడింతలు కావచ్చు. బిహార్ 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. కార్తిక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ దాన్ని పక్కనున్న ఝార్ఖండ్‌తో పోల్చి చూడగా, ఆడపిల్లల చేరికలు సుమారు 30 శాతం పెరిగాయి, అబ్బాయిలతో అంతరం 40 శాతం తగ్గింది. బడికి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలో ఫలితం ఎక్కువగా ఉంది. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఇదే సమస్యకు మరో జవాబు, అవి ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి వసతితో కూడిన చదువు ఇస్తాయి. ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి మధ్యే చాలామంది ఆడపిల్లలు రజస్వల అవుతారు కాబట్టి, నీళ్లున్న మరుగుదొడ్డి కూడా ఈ సాయంలో భాగమే. దూరం, డబ్బు, మరుగుదొడ్డి అన్నవి పిల్లను హైస్కూలు దాకా తేగలవు. అక్కడికి చేరాక ఏం జరుగుతుందన్నది మిగిలిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబిచ్చే సాధనాలు చాలావరకు మన వ్యవస్థలోనే ఉన్నాయి. ఒక హైస్కూలునూ దాని చుట్టుపక్కల ప్రాథమిక బడులనూ కలిపి స్కూల్ కాంప్లెక్సుగా నడపాలని కొఠారీ కమిషనే చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో కాంప్లెక్సులు ఉన్నాయి, వాటి సమావేశాలు జరుగుతాయి, హైస్కూలు హెడ్మాస్టరే వాటికి పెద్ద. అంటే ఏప్రిల్‌లో ఐదో తరగతి టీచర్లూ జూన్‌లో ఆరో తరగతి తీసుకోబోయేవారూ ఒకే గదిలో కూర్చునే అవకాశం ఇప్పటికే ఉంది. ఆ సమావేశం అజెండాలో శిక్షణలు, సర్క్యులర్లతోపాటు పిల్లల అప్పగింత అన్న ఒక్క అంశం చేరాలి. పిల్లకో పుట చాలు. ఏ స్థాయి పాఠం తడబడకుండా చదువుతుంది, ఏ లెక్కలు చేస్తుంది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, చూపు, వినికిడి సమస్యలేమైనా ఉన్నాయా, ఎవరితో స్నేహం, ఏ నెలల్లో బడికి రాదు. దానికి జతగా ఆ ఏడాది పిల్ల రాసిన ఒక నోటుబుక్కు వెళ్లాలి. జూన్‌లో మొదటి వారం హాజరు పిలిచేటప్పుడు ఏప్రిల్ జాబితా పక్కన పెట్టుకుంటే, రాని పిల్లలెవరో ఆ వారమే తెలుస్తుంది. తెలంగాణలో జరిగే బడిబాట వంటి నమోదు కార్యక్రమాలకు అప్పుడు ఇంటింటి సర్వే కంటే కచ్చితమైన ఆధారం దొరుకుతుంది.

రెండో పని టైంటేబులులో ఉంది. ఆరో తరగతికి ఆరుగురు ఉపాధ్యాయులు ఉండాలని ఏ చట్టమూ చెప్పలేదు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిదికి అడిగింది సైన్సు, లెక్కలకు కలిపి ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు అన్న కనీసాన్నే. ఆరో తరగతి వరకైనా ఒకే ఉపాధ్యాయురాలు లెక్కలు, సైన్సు రెండూ తీసుకుని, తరగతి బాధ్యతా చూస్తే, పిల్ల రోజులో రెండు మూడు గంటలు ఒకే మనిషి కళ్ల ముందు ఉంటుంది. ఆచరణలో జరిగేది దీనికి ఎదురు. హైస్కూలు పేరు పదో తరగతి ఫలితాల మీద నిలుస్తుంది కాబట్టి అనుభవజ్ఞులను పదికి కేటాయించి, మిగిలిన పీరియడ్లను ఆరుకు సర్దుతారు. చదవడం నేర్పగల ఒక సెకండరీ గ్రేడ్ టీచరును ఆరో తరగతికి మొదటి రెండు నెలలు అప్పగించడం కూడా ఆలోచించదగినదే. తెలంగాణ ప్రాథమిక తరగతులకు తొలిమెట్టు, ఆ పైవారికి ఉన్నతి అనే కార్యక్రమాలు పెట్టింది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో కొత్త పుస్తకాల సందర్భంగా ఆరో తరగతికి నెల రోజుల బ్రిడ్జి పాఠాలు తయారుచేసింది. ఇవి మంచి ప్రయత్నాలే. కానీ అప్పగింత లేని బ్రిడ్జి కోర్సులో మొదటి రెండు వారాలు పిల్లలకు ఏమొచ్చో కనుక్కోవడానికే పోతాయి. ఆ సంగతి ఐదో తరగతి టీచరుకు ముందే తెలుసు.

స్నేహాల విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఇంగ్లండులో మరియా ఇవాంజెలూ బృందం 2008లో ఇచ్చిన నివేదిక కొత్త స్నేహాలు కుదరడం, దినచర్యకు అలవాటుపడటం, చదువుపై ఆసక్తి పెరగడం, పాఠాల కొనసాగింపు తెలియడం వంటివాటిని మార్పు సజావుగా సాగిందనడానికి గుర్తులుగా చూపింది. ఒక ఊరి నుంచి వచ్చిన నలుగురు పిల్లలను నాలుగు సెక్షన్లలో వేయకుండా ఉండటానికి పైసా ఖర్చు కాదు.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, పాత తరాలన్నీ ఏ సాయమూ లేకుండా ఫస్ట్ ఫారంలో చేరి పైకొచ్చాయి, కొంచెం కుదుపు పిల్లలను గట్టిపరుస్తుంది అన్నది. పైకొచ్చినవారే ఈ మాట చెప్పగలరన్నది ఇక్కడ గమనించాలి. ఎలిమెంటరీతో ఆగిపోయినవారి సాక్ష్యం మన జ్ఞాపకాల పుస్తకాల్లో దొరకదు. పైగా ఇక్కడ అడుగుతున్నది కుదుపు లేకుండా చేయమని కాదు, కుదుపులో ఉన్న పిల్ల ఎవరో కొత్త టీచరుకు తెలియజేయమని.

రెండో అభ్యంతరం బరువైనది. పాత టీచరు మాట కొత్త టీచరు మనసులో ముద్ర వేస్తుందని, మొద్దు అన్న పేరు ఊరి బడితోనే పోవాలి గాని వెంట రాకూడదని కొందరంటారు. 1968లో రాబర్ట్ రోసెంథాల్, లెనోర్ జాకబ్సన్ ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం ఉపాధ్యాయుల అంచనాలు పిల్లల ప్రగతిని ప్రభావితం చేస్తాయని చెప్పింది. దాని పద్ధతిపై తర్వాత విమర్శలు వచ్చినా, అసలు భయం నిరాధారం కాదు. కొత్తగా మొదలుపెట్టే అవకాశం కొందరు పిల్లలకు నిజంగా వరమే. అందుకే అప్పగించాల్సింది తీర్పు కాదు, పని. తెలివైనది, సోమరి, అల్లరిది వంటి మాటలకు ఆ పుటలో చోటు ఉండకూడదు. మూడంకెల భాగహారంలో శేషం దగ్గర తడబడుతుంది అన్నది మచ్చ కాదు, రేపటి పాఠానికి ఆధారం. ఆ మాటకొస్తే ఇప్పటి రికార్డు షీటు కులం కాలమ్‌ను మోసుకెళుతోంది. ముద్ర పడుతుందన్న భయం నిజమైతే, చదువు వివరాల కంటే ముందు ఆ కాలమ్ గురించి మాట్లాడుకోవాలి.

మూడోది, అసలు జబ్బు ప్రాథమిక బడిలో ఉంటే గడప దగ్గర మందు ఎందుకు అన్న ప్రశ్న. ఒకటి నుంచి ఐదు దాకా అందరికీ చదవడం వస్తే ఈ చర్చే ఉండదని, డబ్బూ శ్రద్ధా అక్కడ పెట్టాలని దీని సారం. ఇది చాలావరకు నిజం. మూడో తరగతి నాటికే పునాది అక్షరాస్యత సాధించాలన్న నిపుణ్ భారత్ లక్ష్యం 2026–27కి పెట్టుకున్నది. అది పూర్తిగా నెరవేరినా, ఇప్పుడు నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న పిల్లలకు దాని ఫలం అందదు. పైగా కిందిబడిని సరిచేయడానికి కూడా ఈ అప్పగింత దోహదపడుతుంది. తాను పంపిన పిల్లలు ఆరో తరగతిలో ఎలా ఉన్నారో దసరా తర్వాత కాంప్లెక్సు సమావేశంలో తెలుసుకునే ఐదో తరగతి టీచరుకు, తన బోధనలో ఏది నిలిచిందో ఏది నిలవలేదో తెలుస్తుంది. ఇప్పుడు ఆ సమాచారం వెనక్కి రానే రాదు. పనిభారం పెరుగుతుందన్నది మిగిలిన అభ్యంతరం. యాప్‌లలో ఫొటోలు, హాజర్లు ఎక్కించడంతోనే సరిపోతున్న ఉపాధ్యాయులకు ఇంకో ఫారమా అంటే, నిజమే, ఇంకో ఫారం అయితే వద్దు. ఏకోపాధ్యాయ బడి టీచరును సమావేశానికి పిలిస్తే ఆ రోజు బడి మూతపడుతుంది కాబట్టి, హైస్కూలు నుంచే ఒకరు అక్కడికి వెళ్లి ఐదో తరగతిలో ఒక పూట పాఠం చెప్పి, పుటలు తీసుకుని రావడం మేలు. పిల్లలకూ కొత్త ముఖం ముందే పరిచయమవుతుంది.

ఈ చర్చ అంతటికీ వెలుపల ఉండిపోయే పిల్లలు రెండు రకాలు. 1971లో సర్వేలు గ్రామంలో మొదలైన గురుకుల పాఠశాలల సంప్రదాయం ఇప్పుడు విస్తరించి, సాంఘిక, గిరిజన, వెనకబడిన తరగతుల గురుకులాలు ఐదో తరగతికి ప్రవేశాలు ఇస్తున్నాయి. నవోదయ విద్యాలయాలు ఐదు చదివేవారికి పరీక్ష పెట్టి ఆరులో చేర్చుకుంటాయి. అక్కడ పిల్లలు బడితోపాటు ఇల్లు కూడా ఒకేసారి వదులుతారు. ఎంపికైనవారి మార్కులు గురుకులానికి చేరతాయి, ఎంపిక కాక ఊరి హైస్కూల్లో మిగిలినవారికి ఆ పరీక్ష వల్ల మిగిలింది ఓడిపోయామన్న భావనే. పదేళ్ల పిల్లలకు ఇది అవసరమా అన్న ప్రశ్న మన విద్యా చర్చల్లో తక్కువగా వినిపిస్తుంది.

రెండో రకం ఏజెన్సీ పిల్లలు. గూడెంలోని ఏకోపాధ్యాయ బడిలో ఒకటి రెండు తరగతులు చదివి, చాలాసార్లు మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకు వెళతారు. ఇంటి భాష కోయ, గోండి, కువి, సవర వంటిది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా బోధన కింది తరగతులకే పరిమితం. బోధన భాష ఇప్పుడు చాలాచోట్ల ఇంగ్లీషు. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే అచ్చువేసిన పుస్తకంలో ఈ పిల్లల ఇంటి భాష రెండు పుటల్లోనూ ఉండదు. మైదానంలో పదేళ్లకు వచ్చే మార్పు వీరికి ఎనిమిదేళ్లకే, భాష, ఇల్లు, బడి మూడింటిలోనూ ఒకేసారి వస్తుంది. సిమన్స్, బ్లైత్ ఎక్కువ హాని ఎక్కడని చెప్పారో అచ్చంగా అదే పరిస్థితి. ఐదుకూ ఆరుకూ మధ్య కొలిచే ట్రాన్సిషన్ రేటులో మాత్రం ఈ పిల్లల మార్పు కనిపించదు. ఐదో తరగతి నాటికి వారు ఆశ్రమ పాఠశాలలోనే ఉంటారు.